రెండు టచ్ ప్యానెళ్లు కొన్నారు, జూన్ నుంచి ప్రైమరీ క్లాసుల్లో వీటిని ఎలా వాడాలి?

మౌలాలి ప్రిన్సిపాల్

అందరికీ నమస్కారం. మౌలాలి వైపు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాల్‌గా చేస్తున్నాను. నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా, స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. తల్లిదండ్రుల్లో ఆటో నడిపేవాళ్లు, రైల్వే షెడ్డులో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు ఎక్కువ.

సంక్రాంతి సెలవుల తర్వాత మా కరస్పాండెంట్ గారు రెండు పెద్ద టచ్ ప్యానెళ్లు కొన్నారు. కంపెనీ మనిషి ఒక మధ్యాహ్నం వచ్చి, పెన్ను రంగు ఎలా మార్చాలో చూపించి, దాన్నే ట్రైనింగ్ అని సంతకం పెట్టించుకుని వెళ్లాడు. అప్పటినుంచి వాటి మీద నడుస్తున్నవి రైమ్స్, కార్టూన్లు. ఏ టీచరైనా సెలవు పెడితే ఆ క్లాసును ప్యానెల్ గదిలోకి తోలేస్తున్నారు. ఒకరిద్దరు యంగ్ టీచర్లు మాత్రం బాగా వాడుతున్నారు. ఒకటో తరగతికి చెప్పే సీనియర్ మేడమ్ ఒకరు ఆ గది వైపే రారు. కానీ ఆమె దగ్గర చదివిన పిల్లలే రెండో తరగతికి తడబడకుండా చదువుకుంటూ వస్తారు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నాలు ఆలోచించుకునే తీరిక దొరికింది. జూన్ 12 లోపు ఒక పద్ధతి పెట్టాలి. నా ప్రశ్నలు: 1 నుంచి 5 తరగతుల్లో ఈ స్క్రీన్ నిజంగా ఎక్కడ పనికొస్తుంది? టీచర్లను ఎలా ఒప్పించాలి? ఇంటికి యాప్‌లో హోంవర్క్ ఇవ్వమని పక్క స్కూళ్లను చూసి పేరెంట్స్ అడుగుతున్నారు, ఇవ్వాలా?

సర్కారు బడి టీచరమ్మ

మేడమ్, నేను మల్కాజిగిరి మండలంలో ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌ని. మాకు ప్యానెల్ లేదు, ఒక దాత ఇచ్చిన ప్రొజెక్టర్ ఉంది. నేను పెట్టుకున్న నియమం ఒకటే. పిల్లలు చేత్తో పట్టుకోగలిగేదాన్ని, బయటికెళ్లి చూడగలిగేదాన్ని తెర మీద చూపించను. చూడలేనిదే చూపిస్తాను.

ఉదాహరణకి ఈవీఎస్‌లో (పరిసరాల విజ్ఞానం) నీళ్ల పాఠం. "మన నల్లా నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి?" అని అడిగితే "ట్యాంకు నుంచి" అంటారు. గూగుల్ ఎర్త్ తెరిచి ముందు మా బడి రేకుల కప్పు చూపిస్తాను. అది గుర్తుపట్టగానే క్లాసు గోల గోల. అక్కడినుంచి హుస్సేన్ సాగర్, తర్వాత మూసీ వెంబడి పైకి జరుపుకుంటూ ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. 1908లో మూసీకి వచ్చిన వరద కథ చెప్పి, దాని తర్వాతే ఈ రెండు చెరువులు కట్టారని, ఒకటి 1920కి, రెండోది 1927కి పూర్తయ్యాయని చెబుతాను. ఇప్పుడు మనం తాగే నీళ్లలో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వస్తాయి కదా, ఆ దూరం వేలితో జరుపుతూ చూపిస్తే పిల్లల నోళ్లు తెరుచుకుంటాయి. ఇదంతా పది నిమిషాలు. తర్వాత ప్రొజెక్టర్ ఆపేసి, బడి నుంచి తమ ఇంటికి దారి కాగితం మీద గీయమంటాను. అసలు పాఠం ఆ గీసేటప్పుడే నడుస్తుంది.

లెక్కల్లో పుల్లలు, కట్టలు అయ్యాకే తెర. పదుల స్థానం పుల్లలతో అర్థం కాని పిల్లవాడికి బొమ్మతో అర్థం కాదు.

బోయిన్‌పల్లి నాన్న

పేరెంట్‌గా ఒక మాట. దయచేసి యాప్ హోంవర్క్ వద్దు. మా కాలనీలో చాలా ఇళ్లలో ఒకటే మంచి ఫోను. నాన్న డెలివరీకి వెళ్తే ఫోను కూడా వెళ్తుంది, రాత్రి పదింటికి వస్తుంది. అప్పుడు పిల్లను లేపి క్విజ్ చేయించమంటారా? మా పాప స్కూల్లో అదే నడుస్తోంది. చేయనివాళ్ల పేర్లు మర్నాడు గ్రూపులో పెడతారు. పిల్ల తప్పేం లేదు, ఫోను లేదంతే.

సేల్స్ మానేసినోడు

కొన్నేళ్లు ఈ ప్యానెళ్లు, "స్మార్ట్ క్లాస్" కంటెంట్ అమ్మిన అనుభవంతో రాస్తున్నాను. కరస్పాండెంట్ గారిని కొన్ని అడగమనండి.

ప్యానెల్ కొన్నారా, లేక పిల్లవాడికి నెలకు ఇంత అని ఒప్పందమా? చాలా చోట్ల ప్యానెల్ ఫ్రీ అంటారు, మూడేళ్లో ఐదేళ్లో కట్టుబడి ఉండాలని కాగితం వెనక ఉంటుంది. మధ్యలో మానేస్తే మిగిలిన మొత్తం అడుగుతారు. కొన్నదే అయితే, లోపల ఉన్న పాఠాలకు సబ్‌స్క్రిప్షన్ గడువు ఎప్పటిదాకా? గడువు అయ్యాక ప్యానెల్ ఉంటుంది, పాఠాలు ఉండవు. ఇంటర్నెట్ లేకుండా ఎన్ని నడుస్తాయో వైఫై ఆపి, మీ ముందే చేసి చూపించమనండి. చెడిపోతే ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడు, అంతవరకు ఇంకొకటి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటలన్నీ సేల్స్ మనిషి ఉద్యోగం మారగానే పోతాయి. నేను మారినప్పుడూ అదే జరిగింది అనుకోండి :)

ఇంకా మీ గది. డెమో ఎప్పుడూ కర్టెన్లు వేసిన ఏసీ గదిలో ఇస్తారు. మీ క్లాసులో మధ్యాహ్నం రెండింటికి పడమటి కిటికీ వెలుతురులో ఆఖరి బెంచీ పిల్లవాడు అక్షరం చదవగలడా? అది చూడండి. ఫ్యాన్ల కోసం పెట్టిన ఇన్వర్టర్ మీద ప్యానెల్ వేయకండి. ఎండాకాలం కరెంటు ఊగినప్పుడు బోర్డు పోతే వారంటీలో రాదంటారు, స్టెబిలైజర్ పెట్టించండి.

అసలు మూడో ప్యానెల్ ఆలోచన ఉంటే వద్దనండి. ఒక మామూలు పెద్ద టీవీ, పాత ల్యాప్‌టాప్, కోఠి గుజరాతీ గల్లీలో ఒక మంచి హెచ్‌డీఎంఐ కేబుల్, రెండు స్పీకర్లు. ల్యాప్‌టాప్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. టచ్ లేకపోతే మూడో తరగతి పాఠానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

రిటైర్డ్ హెచ్ఎం

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అని ఒక ప్రయోగం నడిచింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. నేను ఆ పిల్లల్లో ఒకణ్ణి. అప్పటి మా పంతులు టీవీ ఆపేశాక "ఏం చూశారో చెప్పండ్రా" అని ఒక్కొక్కరిని లేపేవాడు. నాకు ఇప్పటికీ గుర్తున్నవి ఆ జవాబులే. టీవీలో ఏం వచ్చిందో గుర్తు లేదు.

తర్వాత నేను ఉద్యోగంలో చేరేనాటికి ప్రాథమిక బళ్లకు బోధన సామాను ఇచ్చే కేంద్ర పథకం, 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు సామాను బళ్లకు వచ్చి ఉంది. చాలా చోట్ల అది బీరువా దిగలేదు. కారణం బద్ధకం కాదు, స్టాక్ రిజిస్టర్. పగిలితే ఎవరి జీతంలో కోస్తారో అన్న భయం. ప్రిన్సిపాల్ గారూ, మీ సీనియర్ మేడమ్ ఆ గదికి ఎందుకు రావడం లేదో అడిగారా? తనకు చేతకాదన్న భయమా, పాడవుతుందన్న భయమా, లేక అవసరం లేదన్న నమ్మకమా? ఈ మూడింటికీ మూడు వేరే మందులు. మూడోది అయితే మందే అక్కర్లేదు.

2020 సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ ఛానల్ టీశాట్‌లో పాఠాలు వచ్చాయి. అవి లేకపోతే పిల్లలు పూర్తిగా బడికి దూరమయ్యేవాళ్లు, కాదనను. కానీ తిరిగి బడికి వచ్చిన మూడో తరగతి పిల్లలకు గుణింతాలు లేవు. 2022లో చదవడం, రాయడం, లెక్కల పునాదుల కోసం తొలిమెట్టు కార్యక్రమం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో అందరికీ తెలిసిందే. తెర మీద పాఠం చూసినంత మాత్రాన చదవడం రాదు. నోరు తెరిచి చదివితేనే వస్తుంది.

డేటా పిచ్చి

రెండు అధ్యయనాలు చెబుతాను. పెరూ దేశంలో పల్లె ప్రాథమిక పాఠశాలల పిల్లలకు లక్షల్లో ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో వచ్చిన పరిశోధనలో లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదని తేలింది. మన దగ్గర ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన ప్రయోగం 2019లో అచ్చయింది. అక్కడ నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో మంచి మెరుగుదల వచ్చింది. తేడా ఏమిటంటే, రెండోదాంట్లో ప్రతి పిల్లవాడికీ అతను ఉన్న స్థాయి నుంచే ప్రశ్నలు మొదలయ్యాయి. ఏడో తరగతి పిల్లవాడు నాలుగో తరగతి లెక్క దగ్గర ఆగిపోయి ఉంటే అక్కడినుంచే. కాబట్టి డబ్బు పెడితే పెద్ద ప్యానెల్ మీద కాదు, ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద పెట్టాలి.

సర్కారు బడి టీచరమ్మ

@డేటా పిచ్చి ఆ ఢిల్లీ పిల్లలు 6 నుంచి 9 తరగతుల వాళ్లు సార్. మేడమ్ అడుగుతున్నది 1 నుంచి 5. ఇంకో మాట, అక్కడ రోజూ 90 నిమిషాల్లో సగమే కంప్యూటర్, మిగతా సగం చిన్న గ్రూపుతో టీచర్ కూర్చునేవారు. ఆ సగాన్ని వదిలేసి సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొంటే ఫలితం అదే వస్తుందా?

డేటా పిచ్చి

ఒప్పుకుంటాను, వయసు తేడా ఉంది. కానీ స్థాయిని బట్టి బోధన అన్న సూత్రం చిన్న తరగతులకీ వర్తిస్తుంది.

సర్కారు బడి టీచరమ్మ

వర్తిస్తుంది. దానికి మేం పిల్లలను మూడు గ్రూపులుగా కూర్చోబెడతాం. కంప్యూటర్ అక్కర్లేదు, ఇంకో టీచర్ కావాలి. ఆ పోస్టు ఎప్పుడు భర్తీ చేస్తారో మీ డేటాలో ఉంటే చెప్పండి.

పేరు చెప్పని టీచర్

నేను కూడా ఒక బడ్జెట్ స్కూల్లోనే చేస్తాను. ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. ఆ వీడియో ఎవరు వెతకాలి, ఎప్పుడు వెతకాలి? రోజంతా పీరియడ్లు, డైరీలు రాయడం, నోట్‌బుక్ కరెక్షన్, ఫీజు కట్టనివాళ్లకు ఫోన్లు కూడా మేమే చేయాలి. స్మార్ట్ క్లాస్ లెసన్ ప్లాన్ రాత్రి ఇంట్లో, మా సొంత డేటాతో. అందుకే రైమ్స్ పెడతారు మేడమ్. రైమ్స్‌కి ప్రిపరేషన్ అక్కర్లేదు. టీచర్లను ఎలా ఒప్పించాలని అడిగారు. వారానికి ఒక్క పీరియడ్ ఖాళీ ఇవ్వండి, ఆ పీరియడ్‌లో ఫీజుల పని చెప్పకండి. అంతకంటే ఒప్పించేది ఏదీ లేదు.

మౌలాలి ప్రిన్సిపాల్

ఈ పోస్టు చదివాక టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నిజమే, ప్యానెళ్లకు లక్షలు పెట్టిన చోట టీచర్ టైముకు ఒక్క పీరియడ్ కూడా కేటాయించలేదు. శనివారం చివరి రెండు పీరియడ్లు ఆటలు, డ్రాయింగ్ కలిపేస్తే అందరు టీచర్లకూ వంతుల వారీగా ఒక్కో ఖాళీ పీరియడ్ దొరుకుతుంది. కరస్పాండెంట్ గారిని అడగాలి.

రిటైర్డ్ హెచ్ఎం గారూ, మీరు చెప్పినట్టే సీనియర్ మేడమ్‌ని అడిగాను. "నా దగ్గర ముప్పై ఐదు మంది, రోజూ ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివిస్తాను, టీవీ చూపిస్తే ఆ టైము ఎవరిస్తారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పాతబస్తీ టీచర్

మేడమ్, మీ సీనియర్ మేడమ్ చేత ప్యానెల్ వాడించడం ఎందుకు? ఆమె చదివించే తీరునే ఫోన్లో రికార్డు చేయండి. ఎక్కడ ఆగుతారు, తప్పు చదివితే ఎలా సరిచేస్తారు, వెనక బెంచీ పిల్లవాడిని ఎప్పుడు పిలుస్తారు, ఇవన్నీ ఐదు నిమిషాల క్లిప్పు. మీ స్టాఫ్ మీటింగ్‌లో ఆ క్లిప్పు ప్యానెల్ మీద వేసి మాట్లాడుకోండి. కంపెనీ ట్రైనింగ్ కంటే మేలు.

మాది ఉర్దూ మీడియం. పిల్లలకు తెలుగు బయట వినపడేదే తప్ప ఇంట్లో లేదు. మేం స్టోరీవీవర్‌లో ఉన్న బొమ్మల కథలు వాడతాం, ప్రథమ్ బుక్స్ వాళ్లది, ఉచితం, డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. ఒకే కథ ఉర్దూలో ఉంటుంది, తెలుగులో ఉంటుంది. ముందు ఉర్దూలో చదువుతారు, మర్నాడు అదే కథ తెలుగులో తెర మీద. కథ తెలుసు కాబట్టి మాటలు ఊహిస్తారు. సౌండ్ ఉండదు, చదివే గొంతు పిల్లలదే. ఒకరు చదువుతుంటే బొమ్మ చూసి మిగతావాళ్లు దిద్దుతారు, భలే గొడవ!

మౌలాలి ప్రిన్సిపాల్

ఇది నాకు తట్టలేదు సార్. మేడమ్ ఒప్పుకుంటే జూన్‌లో మొదటి క్లిప్పు ఆమెదే.

స్పెషల్ ఎడ్యుకేటర్

కొంచెం ఆలస్యంగా వచ్చాను. మీ బడిలో చూపు తక్కువ పిల్లలు, వినికిడి యంత్రం పెట్టుకునే పిల్లలు ఉంటే వాళ్ల సంగతి ముందు చూడండి. ఎందుకంటే మిగతా క్లాసుకు ఈ ప్యానెల్ ఒక సౌకర్యం, వీళ్లకు అవసరం. అక్షరం పెద్దది చేయడం, నలుపు మీద పసుపు అక్షరాలు వేయడం, పేజీని పైకి చదివించడం, ఇవి దాదాపు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఇప్పటికే ఉన్నాయి, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. భారతీయ సైగల భాషకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఎస్ఎల్ఆర్‌టీసీ తయారుచేసిన డిక్షనరీ ఉంది, 2021 నాటి మూడో ముద్రణలో 10,000 పదాలు. ఆ వీడియోల్లో నాలుగు సైగలు క్లాసంతా నేర్చుకుంటే ఆ ఒక్క పిల్లవాడికి దోస్తులు దొరుకుతారు.

ఒక హెచ్చరిక. సిమెంటు గోడల గదిలో ప్యానెల్ సౌండ్ పూర్తిగా పెంచితే వినికిడి యంత్రం ఉన్న పిల్లవాడికి అది రొద తప్ప మాట కాదు. స్పీకర్ దగ్గర కూర్చోబెడితే ఇంకా కష్టం. సౌండ్ తగ్గించి, మాటలు తెర కింద అక్షరాల్లో వచ్చేలా పెట్టండి.

ఆటిజం ఉన్న పిల్లవాడు తెర చూస్తే కుదురుగా కూర్చుంటాడని రోజంతా అక్కడే వదిలేసే బళ్లను చూశాను. అది చదువు కాదు.

బోయిన్‌పల్లి నాన్న

ఎంతసేపు చూపించొచ్చు అన్నదానికి ఏమైనా రూల్ ఉందా?

స్పెషల్ ఎడ్యుకేటర్

బడిలో తెరకు ఇన్ని నిమిషాలే అనే రూల్ నాకు కనిపించలేదు. కానీ ఆన్‌లైన్ క్లాసుల కాలంలో, 2020లో, కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞాత పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. 1 నుంచి 8 తరగతులకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల సెషన్లు రెండుకు మించొద్దని అందులో ఉంది. బళ్లు మూసి ఉన్నప్పుడే అంత. టీచర్ ఎదురుగా ఉన్నప్పుడు అంతకంటే బాగా తక్కువ చాలు. మీరు అడగాల్సింది ఒకే చోట ఎంతసేపు అని కాదు, బడిలో, ట్యూషన్‌లో, ఇంట్లో కలిపి ఎంత అని. స్కూలు తన వాటా చూసుకుంటుంది, ఇంటి వాటా మీ చేతిలో ఉంది సార్.

లాయర్ అక్క

ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. పిల్లల ఫోటోలు, పేర్లు, మార్కులు ఏ యాప్‌లోకి వెళ్తున్నాయి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని సరిచూసుకుని తీసుకోవాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, విడతలవారీగా అమల్లోకి వస్తాయి. బళ్లకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, అడ్మిషన్ల కోసం రీల్స్‌లో పిల్లల ముఖాలు పెట్టడానికి అవి పనికిరావు. యాప్‌లో పిల్లవాడి పేరు బదులు రోల్ నంబర్ పెట్టండి. సగం తలనొప్పి అక్కడే పోతుంది.

డేటా పిచ్చి

ప్రిన్సిపాల్ గారూ, ఏం చేసినా ఒకటి కొలవండి. జూన్ చివర ప్రతి పిల్లవాడి చేత ఒక నిమిషం చదివించి, సరిగ్గా చదివిన పదాలు రాసి పెట్టుకోండి. మళ్లీ దసరా సెలవుల ముందు. లేకపోతే "పిల్లలు చాలా ఎంజాయ్ చేస్తున్నారు" అన్న ఒక్క మాటే మిగులుతుంది.

సర్కారు బడి టీచరమ్మ

ఈ మాటకు మాత్రం నా ఓటు మీకే సార్ :)

మౌలాలి ప్రిన్సిపాల్

కరస్పాండెంట్ గారితో మాట్లాడాను. తేలినవి, తేలనివి రాస్తున్నాను.

ఖాళీ పీరియడ్‌కి ఒప్పుకున్నారు, కానీ ఒక టర్మ్ చూశాక. ప్యానెల్ గదిలోకి టీచర్ లేకుండా ఏ క్లాసునూ పంపకూడదు, దీనికి వెంటనే సరే అన్నారు. కరెంటు బిల్లు కూడా కలిసొస్తుందని కాబోలు! ప్రతి టీచర్ వారానికి ఒక పాఠంలో పది, పదిహేను నిమిషాలే వాడాలి, ఏ భాగానికో ముందే నాకు చెప్పాలి, "ఈ భాగం నల్లబల్ల మీద ఎందుకు కుదరదు" అన్న ఒక్క ప్రశ్నకు జవాబుతో. జవాబు లేకపోతే వాడక్కర్లేదు, దానికి మార్కులు తగ్గించను. ఒకటో తరగతి రీడింగ్ పీరియడ్‌లో తెర ఉండదు. యాప్ హోంవర్క్ ఉండదు. ఒప్పంద కాగితం వెతికితే పాఠాల గడువు మూడేళ్లు అని ఉంది, ఆఫ్‌లైన్ సంగతి ఎక్కడా రాసి లేదు. సేల్స్ సార్, మీ దయవల్ల ఇప్పుడు కంపెనీకి మెయిల్ పెట్టాం.

తేలనిది అడ్మిషన్ల ఫ్లెక్సీ. ఆయన "పూర్తి డిజిటల్ క్యాంపస్" అని వేయిద్దామంటారు. నేను "మా రెండో తరగతి పిల్లలు ఏ పుస్తకమైనా చదువుతారు, వచ్చి చూడండి" అని వేయిద్దామన్నాను. అది చూసి ఎవరొస్తారమ్మా అని నవ్వారు.

బోయిన్‌పల్లి నాన్న

నేనొస్తాను మేడమ్. కానీ మౌలాలి మాకు దూరం.

సేల్స్ మానేసినోడు

రెండూ వేయించండి. పైన ఆయనది పెద్దక్షరాల్లో, కింద మీది. ఫీజు అడగడానికి వచ్చినవాళ్లు కింది లైనే చదువుతారు, నా మాట నమ్మండి.

పేరు చెప్పని టీచర్

మేడమ్, మీ స్కూల్లో వేకెన్సీ ఉంటే చెప్పండి. సీరియస్‌గానే అడుగుతున్నాను.

మౌలాలి ప్రిన్సిపాల్

మూడో తరగతికి కావాలి. మెసేజ్ పెట్టండి.

ఇంకొకటి. పిల్లల చేతిలో ఫోన్లు, ట్యాబ్‌లు లేకుండా క్లాసులో ఎవరికి అర్థమైందో వెంటనే తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా? చెయ్యెత్తమంటే పక్కవాణ్ణి చూసి అందరూ ఎత్తుతారు.

పాతబస్తీ టీచర్

ప్లికర్స్ అనే యాప్ చూడండి. ప్రతి పిల్లవాడికీ ఒక కాగితం కార్డు, దాని మీద నలుపు చదరాల బొమ్మ, నాలుగు అంచులకు ఏ, బీ, సీ, డీ. జవాబు ఏదో ఆ అంచు పైకి వచ్చేలా పట్టుకుంటారు. ఏ కార్డు బొమ్మ దానిదే కాబట్టి పక్కవాడిది చూసినా తెలియదు. టీచర్ తన ఫోన్ కెమెరా క్లాసు మీద ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో తెర మీద వస్తుంది. ఫోన్ ఒక్కటి చాలు, కార్డులు వాళ్ల సైట్ నుంచి ప్రింట్ తీసుకోవచ్చు. లాయర్ అక్క చెప్పినట్టు రోల్ నంబర్లతో పెట్టుకోండి. అట్ట మీద అతికించండి, మెరిసే లామినేషన్ మాత్రం చేయించకండి. ట్యూబ్‌లైట్ వెలుగు పడితే కెమెరాకు కార్డు అందదు.